అక్క మొహం తిప్పుకున్న ఫొటోలు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నరసరావుపేటలో చాలా ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఫొటోలో ఏదో తెల్లటి ఆకారం కనిపించిందని ఎవరైనా భయపడుతూ తెస్తే, లెన్స్ మీద వెలుగు పడిందనో, చెయ్యి కదిలిందనో చూపించి పంపేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం అలాంటి కారణం ఒక్కటీ దొరకలేదు.

మా అక్క ఆదిలక్ష్మి వాళ్లు రెంటచింతలలో ఉంటారు. ఆమె కూతురు శ్రావణి డిగ్రీ అయ్యాక పసిపిల్లల ఫొటోలు తీసే పని మొదలుపెట్టాలనుకుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే చిన్న డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించింది. నచ్చకపోతే వెనక్కి పంపొచ్చట. "మామయ్యా, నువ్వొచ్చి చూసి బాగుందంటేనే ఉంచుకుంటా" అని ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

కెమెరా బాగానే ఉంది. బాడీ ప్లాస్టిక్‌దే అయినా చేతిలో కుదురుగా ఇమిడింది. దాంతో వచ్చిన లెన్స్ వెలుతురు తగ్గితే ఫోకస్ కోసం కాస్త తడుముకుంటోంది, ఆ తరగతి కెమెరాల్లో అది మామూలే. వాకిట్లో కోళ్లను, గేటు మీది తుప్పును, బావ మీసాన్ని తీసి, పెద్దవి చేసి చూశాను. ప్రతి వెంట్రుకా విడివిడిగా కనిపించింది.

ఇక చర్మం రంగు ఎలా వస్తుందో చూద్దామని అక్కను వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. వరసగా ఎంత వేగంగా తీస్తుందో కూడా తెలుస్తుందని బటన్ వదలకుండా నొక్కి పట్టుకున్నాను.

వెనక తెర మీద చూస్తే, మొదటి ఫొటోలో అక్క నన్నే చూస్తోంది. తర్వాతి దాంట్లో మొహం కొద్దిగా తన కుడివైపుకు తిరిగింది. ఆ తర్వాత ఇంకొంచెం. చివరి దాంట్లో చెవి, జుట్టు ముడి తప్ప మొహమే లేదు.

"అక్కా, కదలబాక" అన్నాను.

"నేనేడ కదిలాన్రా? నీ వైపే చూస్తన్నాగా" అంది.

ఈ రకం కెమెరాలో మన కంటికి కనిపించేది లోపలి అద్దంలో పడిన అసలు మనిషే. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, రెప్పపాటు చీకటి. ఆ రెప్పపాటులోనే తిరుగుతోందేమో అనుకున్నాను. కెమెరాను బల్ల మీద పెట్టి, కన్ను ఆనించకుండా, నేరుగా అక్కనే చూస్తూ నొక్కాను. ఆమె కదల్లేదు. ఫొటోలో మొహం మళ్లీ కుడివైపు గోడకే తిరిగి ఉంది.

చివరికి బావను ఆమె గడ్డం పట్టుకోమన్నాను. "ఈ వయసులో ఇదేం ఆటరా" అని అక్క సిగ్గుపడుతూ నవ్వింది. నొక్కాను. ఫొటోలో బావ వేళ్లు ఆమె తల వెనక జుట్టు మీద ఉన్నాయి.

బావ తన చేతిని చూసుకున్నాడు. "నేను పట్టుకుంది గడ్డమేరా" అన్నాడు మెల్లగా.

మెమరీ కార్డు మార్చాను. నేను తీసుకెళ్లిన లెన్స్ పెట్టాను. అదే కుర్చీలో శ్రావణిని, బావను కూర్చోబెట్టి తీశాను. వాళ్లు సరిగ్గానే వచ్చారు. ఫోన్‌లో తీస్తే అక్క కూడా సరిగ్గానే వచ్చింది. ఆ కెమెరాకు మాత్రం ఆమె మొహం దొరకలేదు.

శ్రావణి వెనక్కి పంపేద్దామని ఏడ్చింది. అక్కే ఒప్పుకోలేదు. "కెమెరా మంచిదేగా. చానా ఆశపడి తెప్పించుకున్నావు. నన్ను తియ్యబాకండి, అంతే" అంది.

నా మనసు ఊరుకోక మర్నాడే ఆమెను నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ, షుగరు, తలకు స్కానింగ్ అన్నీ చూసి, ఏ తేడా లేదన్నారు. సిగ్గు విడిచి ఆ ఫొటోలు చూపించాను. "ఆమె అటు తిరిగారు, అంతేగా" అన్నారాయన.

మిరప కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క అన్నం తింటూ పక్కకు ఒరిగిపోయింది. మెదడు కుడిభాగంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. తల కుడివైపుకు తిరిగి అలాగే ఉండిపోయింది.

నర్సు మెల్లగా ఇటు తిప్పితే, వదలగానే మళ్లీ అటే పోతుంది. నేను ఎడమవైపు నిలబడి పిలిస్తే వింటుంది. నా కోసం కుడివైపు గోడ మీద వెతుకుతుంది. "ఏడున్నావురా?" అంటుంది. మంచం చుట్టూ తిరిగి అటు వెళ్లేదాకా ఆమెకు నేను లేను. ఇలాంటి పక్షవాతంలో ఒక్కోసారి ఎడమవైపు అనేదే మనిషి స్పృహలో ఉండదని డాక్టరు వివరంగా చెప్పారు. నేను అడగాలనుకున్నది అది కాదు.

"ముందే కనబడిందిగదరా. మనం ఏంజేసి ఉండాల్సింది?" అని బావ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని అడిగాడు.

పోయిన నెల అక్కను చూడ్డానికి రెంటచింతల వెళ్లినప్పుడు శ్రావణి ఆ కెమెరా తెచ్చింది. ఇప్పుడు మాచర్లలో దాంతోనే పిల్లల ఫొటోలు తీస్తోంది, బాగా వస్తున్నాయి. "అమ్మను ఒక్కటి తీస్తా మామయ్యా" అంది. ఏం ఆశపడుతోందో నేను అడగలేదు. నా ఆశా అదే, ఈసారి ఫొటోలో మొహం ఇటు తిరిగి ఉంటుందేమోనని.

తీసి, తెర వైపు చూసింది. మంచం వైపు చూసింది. మళ్లీ తెర వైపు చూసి కెమెరా నాకిచ్చింది. మంచం మీద అక్క ఎలా పడుకుని ఉందో ఫొటోలోనూ అచ్చం అలాగే ఉంది. ఏ తేడా లేదు.

ఆ ఆదివారం వరండాలో అక్క నా కళ్లలోకే చూస్తూ నవ్వింది. ఆ కెమెరా ఎవరిని చూసి తీసిందో నాకు ఇప్పటికీ తెలియదు.