తీమా అవ్వ ఒడిలో కూన

లాము దీవి రేవులో, పిల్లులకు టీకాలు వేసే అథ్మాన్ జగడం గెలవడం తీమా అవ్వ కళ్ళారా చూసింది. “వీధిపిల్లులకు టీకాలేమిట్రా, మతిపోయిందా?” అని చేపల హమీదు వెక్కిరిస్తే, “అవి చచ్చాక నీ వలలు కొరికే ఎలుకల్ని నువ్వే పట్టుకో మావా” అన్నాడు. హమీదు వలలు భుజానేసుకుని పడవవైపు నడిచాడు. అథ్మాన్‌కు కాలు ఒకచోట నిలవదు. టీ తాగుతూనే గోడలమీద పిల్లుల కోసం వెతుకుతాడు, మందుపెట్టెలో మంచు కరిగిందేమోనని మాటిమాటికీ తడుముతాడు, గోళ్ళ గీతలతో నిండిన చేతుల్ని పట్టించుకోడు. పోయిన వానల్లో వాంతుల రోగం అవ్వ ఉండే సందులోని పిల్లికూనలను ఊడ్చేసింది. మిగిలిన ఒక్క బూడిదరంగు కూన అవ్వకు తప్ప ఎవరికీ చిక్కదు. అవ్వ ఇంటికి వచ్చే ప్రాణీ అదొక్కటే. రోగం మళ్ళీ పక్కవీధిలో కనబడిందట. ఇవాళ అథ్మాన్ గుమ్మంలో నిలబడి, సూదిని వీపు వెనక దాచుకుని, గొంతు తగ్గించి అడిగాడు: “నువ్వే పిలిచి ఒళ్ళో గట్టిగా పట్టుకో అవ్వా. సూది గుచ్చాక, నువ్వే పట్టిచ్చావని అది మళ్ళీ నీ గడప తొక్కకపోవచ్చు. అయినా పిలువు.”