నిబంధనల పేజీ

ఉప్పల్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే తెలిసిన అన్న ఒకతను తెలుగు వెబ్‌సైట్ పెడితే, నాచారం ఫ్యాక్టరీలో పనిచేసిన మా నాన్న గురించి దానికి వారం వారం రాశాను. అన్నా అని పిలిచే మనిషిని ఒప్పంద కాగితం అడగడం మా దగ్గర అవమానం. అందుకే అడగలేదు. ఆ వ్యాసాలన్నీ ఒకరోజు అతని పేరుతో పుస్తకమై వచ్చాయి. మా నాన్న చేతి మీది కాలిన మచ్చ అందులో అతని నాన్నదైపోయింది.

వెళ్లి నిలదీస్తే, సిగ్గు లేకుండా సైట్‌లో నిబంధనల పేజీ తెరిచాడు.

"సూడు తమ్మీ, ఇక్కడ వచ్చిన ప్రతి రచన సైటు ఓనర్‌దే అని రాసి లేదా?"

ఉంది. సైట్ పెట్టిన కొత్తలో, "నీ తెలుగు మస్తుంటది, గా రూల్స్ జర నువ్వే రాసియ్యి" అని అతను అడిగితే, ఆ వాక్యం రాసిచ్చింది నేనే. ఒక్క తప్పు లేదని ఆ రోజు నా భుజం తట్టాడు కూడా.