నల్లజీడి రసం

మా అమ్మాయిని విశాఖపట్నం కాలేజీ హాస్టల్లో దింపడానికి చోడవరంలో బస్సెక్కాం. రేకు పెట్టెలో బట్టలు, బార్ సబ్బు, నీలిమందు సర్దింది నేనే. హాస్టల్లో బట్టలు కలిసిపోతాయని నా భయం. మా చాకలి బట్టల మూల కనపడీ కనపడకుండా వేసే ఇంటి గుర్తు ఒకటుంది, సున్నా కింద గీత. దాన్ని నల్లజీడి రసంతో ప్రతి జాకెట్టు వీపు మీదా అరచేతంత వేశాను. ఆ రసం చచ్చినా పోదు.

బస్సులో పెట్టె తెరిచి చూసి పిల్ల ఏడుపు లంకించుకుంది.

"నానెల్లను. అందరూ నవ్వుతారు. అనకాపల్లిలో దిగిపోతాను."

ఎదుటి సీటులో ఒక కుర్రవాడు ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకు వెళ్తున్నాడట. పిల్ల మీద జాలిపడ్డాడు.

"సాకలి గుర్తు లేని బట్టుంటాదా సెల్లమ్మా? ఇదిగో సూడు," అంటూ తన చొక్కా అంచు తిప్పి చూపించాడు.

సున్నా, కింద గీత.

పోయిన మా ఆయన చొక్కా అది. పారేయలేక దాచుకుని, పురుగు పట్టకుండా అప్పుడప్పుడూ ఉతుకుకి వేస్తాను. చాకలి దాన్ని అద్దెకిచ్చేశాడు!

"ఒరే, ఆ సొక్కా మాది," అన్నాను.

వాడి ముఖం పాలిపోయింది. "ఇప్పుడిప్పేస్తే నాకు పిల్లనెవరిస్తారమ్మా?"

ఏడుస్తున్న పిల్ల పకపకా నవ్వేసింది.

"ఉంచుకో బాబూ. మా ఆయనా అది తొడుక్కునే నన్ను సూడ్డానికొచ్చేడు."

అనకాపల్లిలో వాడు దిగాడు. పిల్ల దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది:

"అన్నా, అంచు లోపలికి దోపుకో! గుర్తు కనిపిస్తంది!"