ఒకే డబ్బాకు రెండు లెక్కలు

ఆఫీసులో అందరూ ఆవిడని కామాలావిడ అంటారు. అంకెల మధ్య కామా ఒక్కటి తప్పుచోట పడితే చాలు, బల్లకు అవతలి వైపున తలకిందులుగా ఉన్న కాగితంలోనైనా పట్టేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. కుర్చీ చేతికి రెక్సిన్ ఊడిపోతే తనే టేపు అంటించుకుంది. అలాంటి మనిషి వరసగా మూడేళ్ళు అబద్ధం రాసిందంటే ఎవరూ నమ్మరు. కానీ రాసింది. కామాలు మాత్రం సరిగ్గానే పెట్టింది.

ఆ అబద్ధం ఒక బూటు పాలిష్ గురించి. మూత మీద గుర్రం బొమ్మ ఉంటుంది కాబట్టి జనం దాన్ని గుర్రం పాలిష్ అంటారు. ఆ బొమ్మ గీసిందీ, మైనంలో నల్లరంగు ఏ పాళ్ళలో కలపాలో కనిపెట్టిందీ ఆవిడ బాబాయి. గీసినప్పుడు మూడు కాళ్ళే కుదిరాయి, నాలుగోది దుమ్ములో కలిసిపోయిందని సర్దిచెప్పాడు. తండ్రి పోయాక ఆవిణ్ణి చదివించింది ఆ పాలిష్ తయారుచేసే షెడ్డులో బాబాయి తెచ్చుకున్న జీతమే. తొమ్మిదేళ్ళ కిందట షెడ్డు యజమాని ఆ పేరునూ బొమ్మనూ నాలుగు కోట్లకు అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. కొన్నది ఆవిడ పనిచేసే కంపెనీయే. పాలిష్ కోసం విడిగా ఒక చిన్న కంపెనీ పెట్టి, పేరుతో పాటు బాబాయిని కూడా మేస్త్రీగా తెచ్చుకున్నారు.

పేరు కంటికి కనపడదు, చేతికి తగలదు. అయినా డబ్బిచ్చి కొన్నారు కాబట్టి పుస్తకంలో ఆస్తే. ఆ పేరు ఇకముందు ఎంత సంపాదించి పెడుతుందో ఏటా లెక్క కట్టాలి. నాలుగు కోట్లు పలకదని తేలితే, తేడాను ఆ ఏటి నష్టంగా రాసెయ్యాలి. ఆ లెక్క కట్టేది కామాలావిడే. మొదటి ఆరేళ్ళూ బాగానే గడిచాయి. తర్వాత జనమంతా గుడ్డ బూట్లకు మళ్ళారు. పాలిష్ ఎవడిక్కావాలి?

మొదటిసారి లెక్క తగ్గినప్పుడు మేనేజరు ఆవిణ్ణి గదిలోకి పిలిచాడు.

"అమ్మకాలు ఏటా ఎనిమిది శాతం పెరుగుతాయని వెయ్యండి మేడమ్. తగ్గించి రాస్తే పైవాళ్ళు పాలిష్ యూనిట్ మూసేస్తారు. అక్కడున్నది మీ బాబాయిగారే కదా?"

ఆ చివరి మాట ఎంత చల్లగా అన్నాడో మహానుభావుడు! ఆవిడ ఎనిమిది శాతం వేసింది.

ఆ ఆదివారమే బాబాయి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగాడు. "ఏం తల్లీ, కాగితాల్లో మా యూనిట్ ఎలా ఉంది? నిజం చెప్పు."

"నిక్షేపంలా ఉంది బాబాయ్," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన మొహం చూస్తూ ఆ మాట అనడం ఆవిడ వల్ల కాలేదు.

ఇక పన్నుల కాగితం. పాలిష్ కంపెనీకి అప్పటికే నష్టాలు మొదలయ్యాయి. నష్టం వస్తే పన్ను ఉండదు సరికదా, రేపు లాభం వచ్చినప్పుడు ఆ పాత నష్టాన్ని చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. రాబోయే ఆ తగ్గింపును కూడా ఆస్తిగా రాసుకోవచ్చు, లాభం వస్తుందన్న గట్టి నమ్మకం ఉంటే. ఆ కాగితాన్ని మేనేజరు ఏనాడూ తెరిచి చూడడు. అక్కడ ఆవిడ చెయ్యి తన పాత అలవాటుకు పోయింది. "రాబోయే ఐదేళ్ళలో లాభం వచ్చే సూచన లేదు, కాబట్టి ఆస్తిగా చూపలేదు" అని ఉన్నదున్నట్టు రాసింది. రాశాక ప్రాణం కాస్త తేలికపడింది. మూడేళ్ళూ అలాగే, అక్కడొక అబద్ధం, ఇక్కడొక నిజం.

ఈ ఏడు ఆడిటుకు కొత్తమ్మాయి వచ్చింది. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, సంచీలో మంచినీళ్ళ సీసా. మూడో రోజు మధ్యాహ్నం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"మేడమ్, నాకు అర్థం కాక అడుగుతున్నాను. పేరు దగ్గరేమో లాభాలు పెరుగుతూ పోతున్నాయి. పన్ను దగ్గరేమో ఐదేళ్ళదాకా లాభమే లేదు. కంపెనీ ఒకటే కదా? ఏది నిజం?"

ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు, అదే ఆవిడకి మరీ కష్టంగా తోచింది. ఇంకెవరో రాశారని తప్పించుకోవచ్చు. పన్ను కాగితమే పొరపాటని దిద్దెయ్యొచ్చు, ఒక్క వాక్యం కొట్టేస్తే సరిపోతుంది. కామాలావిడ ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. మూడేళ్ళలో తను రాసిన వాటిలో సిగ్గుపడనక్కర్లేనిది అదొక్కటే.

"పన్నుదే నిజమమ్మా," అంది.

వారం తిరక్కుండా గుర్రం పేరు విలువ సున్నా అయింది. యూనిట్ నెలాఖరుకు మూస్తారని తేలింది. ఇంకెవరి నోటో వినేలోపు తనే చెప్పాలని ఆవిడ భోజనాల వేళకు యూనిట్‌కు వెళ్ళింది. బాబాయి గేటు పక్క సిమెంటు బెంచీ మీద టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. గోళ్ళలో నల్లరంగు. ఆవిడ పక్కన కూర్చుని ఏదీ దాచకుండా చెప్పింది, మూడేళ్ళ సంగతీ చెప్పింది. ఆయన కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు.

"అయితే అప్పుడే తెలుసన్నమాట నీకు."

"మీ ఉద్యోగం పోతుందని భయపడ్డాను బాబాయ్."

"ఆ ఏడే రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను రమ్మన్నారు తల్లీ. జీతం కూడా ఎక్కువే. అప్పుడు నాకు యాభై ఐదు. యూనిట్ బాగుందన్నావని వద్దన్నాను. ఇప్పుడు ఎవడు తీసుకుంటాడు నన్ను?"

"ఆ సంగతి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు బెంగపడతావని."

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ఓదార్చలేదు. ఇన్నేళ్ళలో ఆయన ఓదార్చకపోవడం అదే మొదటిసారి. లోపల గంట మోగింది. భోజనాలు ముగించుకుని మనుషులు ఒక్కొక్కరే యంత్రాల దగ్గరికి వెళ్తున్నారు.

"పందొమ్మిది మంది ఉన్నారు లోపల," అన్నాడు బాబాయి, ఆవిడ వైపు చూడకుండా. "వాళ్ళంతా నన్నడుగుతుంటారు, మీ అమ్మాయి ఏమంటోంది, కంపెనీ ఎలా ఉందీ అని. బాగుందనే చెప్తూ వచ్చాను. వాళ్ళ మొహం నేను చూళ్ళేను."

కామాలావిడ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆయన కూడా వస్తాడేమోనని ఒక్క క్షణం ఆగింది. ఆయన బెంచీ మీద నుంచి కదల్లేదు. ఆవిడ ఒక్కతే లోపలికి నడిచింది.