చింకి జీన్స్

దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉన్న రోజుల్లో మాలో ఎవరికీ అసలు పేరుతో పనుండేది కాదు. సూర్యాపేట నుంచి వచ్చిన పాపానికి నన్ను 'సూర్యాపేట' అనే పిలిచేవాళ్ళు, నేనూ సిగ్గులేకుండా పలికేదాన్ని. నా రూమ్మేట్‌ది మిజోరం, పని మెట్రో స్టేషన్ పక్కన బ్యూటీ పార్లర్‌లో. ఆ పిల్లను హాస్టలంతా 'చింకీ' అనేది. పింకీ, చిన్నీల్లాగా అదీ ముద్దుపేరే అన్నట్టుండేది. పొద్దున లేస్తే నా మొదటి మాట, "చింకీ, నా దువ్వెనేది?"

హాస్టల్ ఆంటీది భీమవరం. ఆవిడకు మాత్రం ఆ పిలుపు నచ్చేది కాదు. "మోకాళ్ళ దగ్గర చిరిగిపోయిన ప్యాంటేసుకుంటే చింకి అనక ఏవంటారే? పాపం, కొత్తది కొనుక్కోలేక కదూ" అని తెగ బాధపడి, ఒక ఆదివారం తీగ మీద ఆరేసిన జీన్స్ పట్టుకెళ్ళి, రెండు మోకాళ్ళకూ తన పాత పట్టు జాకెట్టు గుడ్డతో అతుకులేసింది (జరీ అంచుతో సహా). ఇస్త్రీ చేసి మరీ చేతికిస్తూ, "ఇంక నిన్నెవరైనా చింకి అంటే నాతో చెప్పమ్మా" అంది.

మేమంతా పడీ పడీ నవ్వాం. ఆ పిల్లా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. "రంగు నచ్చలేదా?" అని ఆంటీ కంగారుపడింది. అప్పుడు ఆ పిల్ల మా దగ్గర నేర్చుకున్న తెలుగులో మెల్లగా చెప్పింది: "ప్యాంట్ గురించి కాదాంటీ. మా కళ్ళు చూసి అంటరు. చైనావాళ్ళు అని ఎక్కిరించే మాట అది. బస్సుల, రోడ్డు మీద, అంతట అంటరు." ఆంటీ మంచం మీద కూలబడింది. ఆ పిల్ల నా వైపు తిరిగి, "అక్కా, నీకు గూడ తెల్వదా?" అంది.

నాకు తెలుసు. నేను పనిచేసే సెల్‌ఫోన్ షాపులో కుర్రాళ్ళు కళ్ళు చికిలించి చూపించి మరీ చెప్పారు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ప్రేమగా అంటున్నాను గనక నా నోట్లో అది వేరే మాట అయిపోయిందనుకున్నాను (ఏం తెలివో నాది).

"తెల్వదే, ఒట్టు" అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఆ మాట మానేశాను. కొందరు మానలేదు, సరదాకే కదా అన్నారు. నెల తిరక్కుండా ఆ పిల్ల ఎల్బీనగర్‌లో తమవైపు అమ్మాయిలతో కలిసి ఒక రూమ్ కిరాయికి తీసుకుంది. పోయే రోజు ఆంటీని వాటేసుకుని, నా దగ్గరికొచ్చి, "తెలిసినంక గూడ అనేటోళ్ళతోని ఉండలేనక్కా. నీ మీద కోపం లేదు. నువ్వు తెల్వక అన్నవ్" అంది. అప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. "జర పైలం" అని మాత్రం అన్నాను.

ఆంటీ కుట్టిన పట్టు మోకాళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. అప్పటి నన్ను తలుచుకున్నా నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది, ఒక్క మాట ఒప్పుకోడానికి అంత భయమేమిటా అని. ఒప్పుకుని ఉంటే ఆ పిల్ల నన్ను తిట్టేది. తిట్టాక ఎప్పుడో ఒకప్పుడు క్షమించేదేమో. పోయేటప్పుడు తను క్షమించింది, ఏమీ తెలియని ఒక అక్కని. ఆ అక్క ఎవరో నాకూ తెలియదు.