గాజుతొట్టెలో గట్టు

అబ్బులు గట్టు మీద నడిచి వస్తున్నాడంటే కాలువలో పీతలన్నీ పెళ్లాం బిడ్డల్ని వెంటేసుకుని పక్క జిల్లాకు వలసపోయేవి. నమ్మనివాళ్లు వెళ్లి పీతల్నే అడగవచ్చు. నరసాపురం కాలువ మీద ముప్పై రెండేళ్లు లస్కరుగా పనిచేసిన మనిషి మరి. గేటు ఎత్తడం, దించడం, శివారు పొలాలకు వంతు తప్పకుండా నీళ్లు పంపడం, అన్నిటికీ మించి గట్టుకు పీత బొరియ కనబడితే అది గండి కాకముందే మట్టి కూరి మూసేయడం ఆయన పని. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ గట్టుకు గండి పడలేదు. ఒకసారి పడబోయిందట గానీ, అబ్బులు బయల్దేరాడని తెలిసి నీళ్లే వెనక్కి తగ్గాయట.

అంతటివాడు కిందటి జూన్‌లో రిటైరయ్యాడు. అప్పటినుంచి నీళ్ల గురించి ఆయన్ని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఇంట్లో డాబా మీది ట్యాంకుకు కూడా ఆటోమేటిక్ స్విచ్ పెట్టించారు. నిండగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది. అది ఆగిన ప్రతిసారీ తన ఉద్యోగం మళ్లీ పోయినట్టుండేది అబ్బులుకు.

ఇలా ఉండగా ఒక బుధవారం కోడలు దుర్గాశ్రీ మూడడుగుల గాజుతొట్టెను ఆటోలో తెచ్చి వరండాలో దింపించింది. ఆమె ఊళ్లో హైస్కూలు సైన్సు టీచరు.

"మావయ్య గారూ, దీంట్లో సగం నేల, సగం నీళ్లు ఉండాలండి. నేల మీద మొక్కలు, నీళ్లలో మొక్కలు, రెండు చోట్లా తిరగడానికి ఒక పీత. సోమవారం మా స్కూల్లో పెట్టాలి. టౌన్లో అక్వేరియం షాపాయన చేసిస్తానన్నాడు గానీ, నీళ్ల పనికి మా మావయ్య గారున్నారని చెప్పొచ్చేశాను."

ఆ మాటకు అబ్బులు ఛాతీ ఎంత ఉబ్బిందంటే, చొక్కా గుండీ ఒకటి తెగి ఎదురింటి పెంకుల మీద పడిందని వినికిడి. అంతలోనే మొహం చిట్లించాడు.

"పీతెందుకమ్మా? గట్టున్న చోట పీతేంటి?"

"అదే కదండీ పిల్లలు చూడాల్సింది!"

అబ్బులుకేమీ అర్థం కాలేదు. ముప్పై రెండేళ్లు తరిమిన పీతకు ఇప్పుడు తన చేత్తోనే ఇల్లు కట్టివ్వాలట. అయినా కోడలు మాట ఇచ్చి వచ్చింది. అది నిలబెట్టకపోతే ఇక ఈ ఇంట్లో తనకంటే ఆ స్విచ్చే నయమనిపించుకుంటుంది.

గురువారం కాలువ రేవు నుంచి బంకమట్టి తెచ్చాడు. ఎండుగడ్డి తరిగి కలిపి, కాళ్లతో తొక్కి, తొట్టె మధ్యలో అడ్డంగా గట్టు వేశాడు. గట్టు వెనక నేలంతా మట్టితో నింపి గట్టిపడేలా అప్పడాలకర్రతో దిమ్మిస కొట్టాడు. గుమ్మంలో కూర్చుని లేసు అల్లుకుంటున్న భార్య మాణిక్యాంబ చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ, అది అప్పడాల కర్రండీ!"

"తెలుసే. కడిగిచ్చేస్తాలే."

"మీరు కొట్టే కొట్టుడికి పక్కింటోళ్ల గోడ బీటలిచ్చేలా ఉంది. కట్టమంది తొట్టె, ఆనకట్ట కాదు."

నేల వైపు సరస్వతాకు, పొన్నగంటి నాటాడు. రెండో వైపు సగానికి నీళ్లు పోసి నాచు, అంతరతామర, నాలుగు పరిగె చేపపిల్లలు వేశాడు. చివరికి కాలువలో పట్టి తెచ్చిన పీతను వదిలాడు. అది నేలను రెండుసార్లు గీరి చూసి, ఇది సిమెంటు రోడ్డని తేల్చుకుని, ఓ మూల ముడుచుకు కూర్చుంది.

శుక్రవారానికి గట్టు చుక్క కూడా కారలేదు. అబ్బులు మీసం సవరించుకున్నాడు. కానీ మొక్కలు తల వేలాడేశాయి. చెంబుడు నీళ్లు పోశాడు. గట్టిపడిన నేల మీద అవి మడుగు కట్టాయి తప్ప లోపలికి దిగలేదు. శనివారం ఇంకో చెంబుడు పోశాడు. మడుగు పొంగి గట్టు దాటింది. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. పరిగెలు పైకి తేలి నోళ్లు తెరిచాయి.

పోస్తే చేపలకు గండం. మానితే మొక్కలు ఎండుతాయి. జానెడు దూరంలో నీళ్లు పెట్టుకుని నేల ఎండడమేమిటి? ఇంతకీ ఇది పొలమా, చెరువా? ఎవరికి ముందు వంతు ఇవ్వాలి? వేల ఎకరాలకు నీళ్లు పంపినవాడు మూడడుగుల తొట్టె ముందు బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం దుర్గాశ్రీ వచ్చి చూసింది. బ్యాగులోంచి ఫోన్ తీసింది. ఆ ఫోనే అబ్బులుకు గుచ్చుకుంది.

"షాపాయనకి ఫోన్ చెయ్యమంటారా మావయ్య గారూ? రేపొచ్చి సర్దేస్తాడు."

"రేపు సాయంత్రం దాకా ఆగమ్మా," అన్నాడు, ఆగితే ఏం చేస్తాడో తనకే తెలియకుండా.

ఆదివారం పొద్దున్న చూస్తే మూలన పీత లేదు. వంగి వెతికాడు. నీళ్ల వైపు, గట్టు అడుగున, బొటనవేలంత బొరియ! పక్కనే తవ్విపోసిన మట్టి ఉండలు. అబ్బులు చెయ్యి దానంతటదే బంకమట్టి ముద్ద అందుకుంది. కూరేయబోతూ ఆగాడు.

బొరియకు సరిగ్గా పైన ఉన్న సరస్వతాకు దుబ్బు ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది. దాని చుట్టూ మట్టి నల్లగా, చెమ్మగా ఉంది. తక్కినవన్నీ పడుకునే ఉన్నాయి.

బొరియను చూశాడు, దుబ్బును చూశాడు, చేతిలో ముద్దను చూశాడు. గుమ్మంలో ఉన్న భార్య వైపు తిరిగాడు.

"ఏమే, గండి పడితే మునగాలి కదా? ఇది బతికిందేంటి?"

"నన్నడుగుతారేంటండీ? లస్కరు మీరా, నేనా?"

తొట్టె చుట్టూ తిరిగాడు. ఒకటికి నాలుగుసార్లు తిరిగాక కాళ్లు ఆగాయి. కాలువలో నీళ్లు పైన, పొలం కింద. బొక్క పడితే ముంపే. ఇక్కడ నేల పైన, నీళ్లు కింద. బొక్క పడితే ముంచేదేముంది? చెమ్మ అడుగు నుంచి మెల్లగా పైకి పాకుతుంది, అంతే.

తెలిసింది గానీ, చెయ్యి రాలేదు. తన గట్టుకు తనే బొక్క పెట్టడమా? ముద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాణిక్యాంబ లేసు సూది చాపింది.

"పొడవండి. ఇంతసేపు నిలబడ్డానికి ఇదేమన్నా ఏఈ గారి ఇన్‌స్పెక్షనా?"

సూది అందుకుని, కళ్లు మూసుకుని, గట్టు అడుగున అయిదు చోట్ల పొడిచాడు. ఒక్కో పోటుకూ కడవెడు చెమట పట్టిందంటారు. నేలను గుల్లగా తవ్వి, మురికి నీళ్లు తోడేసి మంచివి పోశాడు. మధ్యాహ్నానికి ఇంకో రెండు దుబ్బులు లేచాయి. సాయంత్రానికి పొన్నగంటి కూడా తలెత్తింది. పరిగెలు నాచులోకి దూరాయి. దుర్గాశ్రీ తొట్టె ముందు కూర్చుని చాలాసేపు చూసి, చేతిలోని ఫోన్ బ్యాగులో పడేసింది.

సోమవారం స్కూలు వరండాలో పిల్లలు తొట్టె చుట్టూ మూగారు. హెడ్మాస్టరు శివరామకృష్ణ గారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

"ముప్పై రెండేళ్ల అనుభవమంటే ఇదీ! పీతకి కూడా పని నేర్పి చేయించారటగా, అబ్బులు గారూ?"

"లేదండి. నేను గట్టు గట్టిగా కట్టానండి, మొక్కలు ఎండిపోయాయి. పీత బొక్క పెట్టిందండి, బతికాయి. దాన్ని చూసి నేనింకో అయిదు పెట్టాను. అంతేనండి."