దీపాలవేళ పోయిన నా కోట

అప్పన్న నా కోటను అన్యాయంగా పట్టుకున్నాడు. ముప్ఫైమందితో కోట కాస్తున్న నా మీదికి తొంభైమందిని వేసుకొచ్చి, దీపాలు పెట్టే వేళ, ముందు గుమ్మంలోంచే లోపలికి దూరాడు. ఇది జరిగి ఆరేళ్ళయింది. నా కోపం మాత్రం ఇప్పుడే పొయ్యి మీంచి దించినంత వేడిగా ఉంది.

కంగారుపడి పోలీసులకు ఫోన్ చేయకండి. కోట అగరుబత్తీల అట్టపెట్టెతో చేసింది. మా భోజనాల బల్ల మీద కట్టాను. నా ముప్ఫైమందీ సోడాసీసాల మూతలు, అప్పన్న తొంభైమందీ చింతపిక్కలు. అయినా కోట కోటే. పోగొట్టుకున్నవాడికి తెలుస్తుంది. అది పోయిన తీరు వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. దాంతోపాటు ఇంకేం పోయిందో కూడా చెబుతాను, అప్పుడు కావాలంటే ఆపుదురుగాని.

నా చదువు ఏడో తరగతి మధ్యలో ఆగింది. కోటబొమ్మాళిలో మా నాన్న కిరాణా కొట్టులో కూర్చున్నాను. పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత పుస్తకాలే నాకు గురువులు. చింపేలోపు చదివేసేవాణ్ణి. అందుచేత లోకంలోని యుద్ధాలన్నిటి మధ్యభాగాలూ నాకు కంఠతా వచ్చు. చివరికి ఎవరు గెలిచారో మాత్రం తెలియదు. ఆ కాగితాల్లో అప్పటికే బెల్లం వెళ్ళిపోయేది.

మా ఆవిడ పోయి, కొట్టు కూడా మూసేశాక, ఇంట్లో నోరున్నవాళ్ళం ఇద్దరమే మిగిలాం: నేనూ, కుక్కరూ. అది పూటకు మూడు కూతలు కూసి ఊరుకునేది. నేను ఊరుకోలేక యుద్ధం కనిపెట్టాను. పాత క్యాలెండర్ల వెనక గళ్ళు గీశాను. నలభై పేజీల నిబంధనల పుస్తకం రాశాను. ఆటలో రోజుకు నాలుగు ఎత్తులు: ఉదయం, మధ్యాహ్నం, సందె, రాత్రి. ఎత్తు ఎత్తుకూ ఇద్దరూ తమ తమ ఆజ్ఞ చీటీ మీద రాసి బోర్లా పెట్టాలి, ఒకేసారి తిప్పాలి. రాసింది రాసిందే. సందేహం వస్తే తీర్పు పుస్తకం రాసినవాడిది. అంటే ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

ఇక శత్రువు కావాలి. అప్పన్న సముద్రపు ఒడ్డు ఊరివాడు. వారం వారం సంతకు ఎండుచేపల గంపతో వచ్చి, సరుకు అమ్ముడయ్యాక మా ఇంటికొచ్చేవాడు. కులాలు వేరైనా చిన్నప్పుడే బావ వరస కలిపేసుకున్నాం. చేపల వాసన మా ఆవిడకు పడదని అరుగు మీదే కూర్చునేవాడు. ఆవిడ పోయాకే లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చోవడం. అతను వెళ్ళాక ఆ వాసన మర్నాటిదాకా ఇంట్లో ఉండేది. నేను కిటికీలు తీసేవాణ్ణి కాదు.

"తక్కువమందిని నేను తీసుకుంటాను బావా" అన్నాను మొదటిరోజే. ఏ యుద్ధంలోనైనా వీరుడు తక్కువమంది వైపే ఉంటాడు, కనీసం మధ్యపేజీల్లో. వరసగా పదకొండు సంతలు అప్పన్న ఓడిపోయాడు.

"తొంభైమందున్నారు, అయినా నానెందుకు ఓడిపోతన్నాను బావ?"

"నీకు వ్యూహం లేదు. పుస్తకం చూడు, పందొమ్మిదో పేజీ."

"ఆ పొస్తకం నువ్వే రాసినావు కదేటి?"

"రాస్తే?"

"ఏట్నేదు. ఎత్తెయ్యి."

పన్నెండో సంతనాడు అప్పన్న పుస్తకం ముట్టుకోలేదు. చింతపిక్కల్ని రెండు బారులు చేసి, కోటకు అటొకటి ఇటొకటి నడిపించాడు.

"ఇదేం నడక బావా?"

"అలివి వల. రెండు కొసలూ ఒడ్డుకి లాగీడమే. మద్దిలో సేప ఎటెల్తాది, సెప్పు?"

నా మూతలు చేపలకంటే తెలివైనవని నవ్వుకుని, ముప్ఫైమందినీ లోపలికి తెచ్చి తలుపు మూసేశాను. మూడురోజులు తలుపు తీయకుండా నిలబడితే కోట నాదేనని పుస్తకంలో ఉంది. ఆటలో రెండు రోజులు గడిచాయి. మూడోనాటి సందె ఎత్తు వచ్చేసరికి బయట కూడా నిజంగానే దీపాలవేళయింది. ఇంకొక్క రాత్రి ఎత్తు మిగిలింది. చీటీలు రాశాం, తిప్పాం.

"బావ, నీది సదువు" అన్నాడు అప్పన్న నెమ్మదిగా.

చదివాను. నా దస్తూరీయే. 'సందె. ముందు తలుపు తీయవలెను.'

అయ్యా, కొట్టు పెట్టుకుని బతికిన ఇంట్లో పుట్టినవాణ్ణి. సందెవేళ ముందు తలుపు మూసి ఉంటే లక్ష్మీదేవి గుమ్మందాకా వచ్చి వెనుదిరుగుతుందని ఉగ్గుపాలతో నేర్పారు. దీపం పెట్టడం, తలుపు తీయడం అరవై ఏళ్ళుగా చేతికి అలవాటు. అవతల యుద్ధం జరుగుతోందని చేతికేం తెలుసు? మా ఆవిడ పోయాక కూడా రోజూ తీసేవాణ్ణి. తీసి, కాసేపు వీధిలోకి చూసేవాణ్ణి.

"ఎందుకు తీసినావురా?"

"సందేళ కదా."

"అయితే?"

"లక్ష్మి..."

అప్పన్న నన్నూ కోటనూ మార్చి మార్చి చూశాడు. "లచ్చిమి ఎక్కడున్నాదో గానీ, మావోళ్ళు మాత్రం గుమ్మంలోనే ఉన్నారు బావ" అని, చేపలు గంపలోకి తోసినట్టు అరచేత్తో తొంభై పిక్కల్నీ లోపలికి తోసేశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకు బల్ల అదిరి నా సేనాపతి కింద పడి, మంచం కిందికి దొర్లిపోయాడు.

"చెల్లదు" అన్నాను. "దీపాలవేళ తెరిచిన తలుపులోంచి దండెత్తి రాకూడదు. అది ధర్మం."

"పొస్తకంలో ఉన్నాదేటి?"

"రాయక్కర్లేదు. అందరికీ తెలిసిందే."

"నాకు తెల్దు. పదకొండుమాట్లు ఓడినాను బావ, ఓపాలి నవ్వుకోనీ."

"మోసగాడా!" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. గంప ఎత్తుకుని, "బస్సేళయింది" అంటూ వెళ్ళిపోయాడు. బస్సుకు ఇంకా గంట టైముంది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ వారమంతా కూర్చుని పద్నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఇరవైమూడు అభ్యంతరాలు. చివర తీర్పు: సదరు ఆట రద్దు, విజయం నాది, అప్పన్న ఆ సంగతి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అంతవరకూ నా గుమ్మం తొక్కరాదు. కోటకు వేయలేకపోయిన గడియ ఇంటికి వేసుకున్నాను. మరుసటి సంతకు అతను రాలేదు. వాళ్ళ ఊరునుంచి చేపలు తెచ్చే నూకాలమ్మ చేతికి ఉత్తరం ఇచ్చి పంపాను. ఆ పై సంతలో ఆమె గంప దగ్గరికి పరుగెత్తాను.

"ఇచ్చావా?"

"ఇచ్చీసినాను బాబూ."

"ఏమన్నాడు?"

"కాగితాలు తిరగేసినాడు. ఇంత రాసినాడు, అన్నం తిన్నాడో నేదో అన్నాడు."

"అంతేనా? అభ్యంతరాల గురించి?"

"నన్నడిగితే ఏటి సెప్తాను బాబూ? సేపలు కొంటావా?"

"నేను చేపలు తినను కదా."

"తెలుసు. నిలబడిపోయినావని అడిగినాను."

ఆ వారాల్లో నాతో నేనే ఆడాను. ఈ కుర్చీలో ముప్ఫైమందికి చీటీ రాయడం, లేచి ఆ కుర్చీలో తొంభైమందికి రాయడం. సందె ఎత్తు వచ్చేసరికి మళ్ళీ తలుపు తీశాను. పరుగున ఆ కుర్చీలోకి వెళ్ళి కూర్చుంటే పిక్కలు తోయడానికి చెయ్యి రాలేదు. నవ్వి చూశాను. కుక్కరు కూత నయం.

ఐదో సంతనాడు నూకాలమ్మ నా ఉత్తరాన్నే వెనక్కి తెచ్చిచ్చింది. పద్నాలుగో పేజీ వెనక పెన్సిలుతో అప్పన్న జవాబు. నడిసంతలో నిలబడి చదివాను. చదివినచోటే ప్రమాణం చేశాను: బల్ల మీద ఓడిన ఆటను ఈ జన్మలో మరెప్పుడూ కాగితం మీద గెలవను. మంచం కింద ఇప్పటికీ దొరకని నా సేనాపతి మీద ఒట్టు. నాకు నూటికి నూరుపాళ్ళూ న్యాయం చేసిన ఆ జవాబు, అక్షరం మార్చకుండా, ఇదీ:

"బావ, ఇరవైమూడూ సదివినాను. నువ్వే గెలిసినావు. కోట నీకే ఒగ్గీసినాను. ఒక్కడివీ కాసుకో."